కుర్చీ అడ్డం పెట్టిన కొట్టు

తొంభైల్లో ఓసారి, బహ్రెయిన్‌లోని మనామా బజారులో మా అమ్మాయికి పరికిణీ గుడ్డ కొని, పాస్‌పోర్టున్న సంచి కొట్లోనే మరిచిపోయాను. ఆ సాయంత్రమే నా విమానం. పరుగున వెనక్కొస్తే కొట్లో ఎవరూ లేరు. తలుపులు బార్లా తెరిచి, గుమ్మానికి అడ్డంగా ఒక కుర్చీ పెట్టి ఉంది. బల్లమీద సంచి కనబడుతూనే ఉంది. "అయ్యో, నా సంచీ!" అంటూ కుర్చీ జరపబోయాను.

"ఆగండమ్మా!" అంది పక్కన కూరగాయలు ఏరుతున్నావిడ. ఆ ఊళ్లోనే నయీమ్ అనే పేటలో ఇంటిపని చేస్తుందట, అమలాపురం వైపు మనిషి. "నమాజుకెళ్లాడండీ. కుర్చీ అడ్డమెట్టాక లోపలికెవరూ అడుగెయ్యరండి ఇక్కడ."

పావుగంటకి కొట్టాయన వచ్చాడు. నా మొహం చూసి, ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి సంచి చేతికిచ్చాడు. పాస్‌పోర్టు తీసి చూసుకుని, విమానానికి పరుగెత్తాను.

బహ్రెయిన్‌లో బట్టలెక్కడ కొనాలని అడిగితే ఆ కొట్టు పేరు చెప్పలేను. కుర్చీ అడ్డం పెట్టి నమాజుకెళ్లే కొట్లో కొనమంటాను.