503కి కూడా పచ్చ టిక్కే

ఆ రోజు ఒళ్లు మండిపోయింది నాకు. పడవ టికెట్ల యాప్ రాసింది నేను. దాన్ని నమ్ముకుని పొద్దున్నే జెట్టీకి వెళ్లింది మా పిన్ని. పక్క దీవిలో నర్సు ఉద్యోగం వచ్చింది ఆమెకు. మధ్యాహ్నం పన్నెండులోగా చేరకపోతే తర్వాతి మనిషికి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. ఫోన్‌లో చూస్తే "సీటు ఖాయం" అని పచ్చ టిక్కు. జెట్టీలో చూస్తే జాబితాలో ఆమె పేరే లేదు. పడవ వెళ్లిపోయింది, ఉద్యోగమూ పోయింది.

"నెట్ పోయుంటాది పిన్నీ, నాదేం లేదు," అన్నాను ఫోన్లో. పడవ వాళ్ల సర్వర్ చూసేవాళ్లను నోరారా తిట్టాను కూడా.

మా ఆఫీసు అబర్డీన్ బజార్‌లో ఒక మేడమీద గది. అక్కడ కూర్చుని, వాళ్ల తప్పు రుజువు చేసి తీరాలని పంతంకొద్దీ చిన్న సర్వర్ ఒకటి రాశాను. ఇరవై లైన్లు కూడా లేవు. దానికి ఒకటే పని: ఏ అంకె అడిగితే ఆ అంకె జవాబుగా పంపడం. 200 అంటే పని అయింది, 404 అంటే అడిగింది లేదు, 503 అంటే ఇప్పుడు కుదరదు. యాప్‌ను దానివైపు తిప్పి 503 పంపించాను. పచ్చ టిక్కు. 404 పంపించాను. పచ్చ టిక్కు. సర్వరే పాడైందని చెప్పే 500కీ అంతే!

ఛీ, నా చదువు తగలెయ్య! కోడ్ తెరిస్తే అందులో నేను చూస్తున్నది ఒక్కటే: జవాబు వచ్చిందా, రాలేదా. ఏం వచ్చిందో చూడనే లేదు. ఈ దీవుల్లో పుట్టి పెరిగినదాన్ని. ఏళ్ల తరబడి మాకు నెట్ అంటే తెర మీద గిరగిరా తిరిగే చక్రమే. అవతలి నుంచి ఏదో ఒకటి వచ్చిందంటే పని అయిపోయినట్టే లెక్క. ఆ అలవాటునే తీసుకెళ్లి కోడ్‌లో పెట్టాను. పైగా వాళ్లనీ వీళ్లనీ తిట్టడం ఒకటి.

సాయంత్రం ఆస్టినాబాద్‌లో పిన్ని వాళ్లింటికి వెళ్లాను. పిన్ని మంచం మీద కూర్చుని, సర్దుకున్న బ్యాగులోంచి బట్టలు తీస్తోంది. తప్పు నాదేనని చెప్పేశాను.

"అలాగా," అంది. ఇంకో చీర తీసి పక్కన పెట్టింది. "కౌంటర్లో భయ్యా మంచోడేనే. 'ఏక్ సీట్ ఖాలీ హై దీదీ, ఒక్కటే ఉంది, టికెట్ తీసేసుకోండి' అని రెండుసార్లు చెప్పాడు. నేనే తీసుకోలేదు. మా అక్క కూతురు చేసిన యాప్, తప్పు చెప్పదని ఆడితో గొడవెట్టుకున్నాను. పడవ కదిలిందాకా."