బొట్టు పెట్టిన పెట్టె

తొంభైల్లో, విదేశీ కంపెనీలకు మన దేశం తలుపులు తెరిచిన కొత్తలో, జూబ్లీహిల్స్‌లోని మా ఎంబీఏ కాలేజీలో మొదటి ఏడాదివాళ్ళకు అంతర్జాతీయ వ్యాపారం అనే కొత్త పేపరు పెట్టాలనుకున్నారు. అది నాకే రావాలని నా పట్టుదల. పన్నెండేళ్ళుగా చెప్పిన పాఠమే చెప్పి నాకే ఆవలింతలు వస్తున్నాయి. పిల్లలు నిద్రపోతుంటే వాళ్ళకు శ్రద్ధ లేదనేదాన్ని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఈ పేపరు కూడా దక్కకపోతే పాతకాలం మనిషిగా మిగిలిపోతానని భయం.

పోటీకి వచ్చింది రెండేళ్ళ క్రితం చేరిన లెక్చరరు. బోరబండ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. పేపరు ఎవరిదో తేలకముందే, ఒక శనివారం రెండో ఏడాది పిల్లల్ని ఫిల్మ్‌నగర్‌లో విదేశాలకు సినిమా ప్రింట్లు పంపే ఆఫీసుకు తీసుకెళ్ళాడు. సోమవారం నుంచి వరండాలో అవే కబుర్లు. నా క్లాసులో కునికిపాట్లు పడేవాళ్ళు అతని చుట్టూ ఈగల్లా ముసిరారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అది అసూయ అని అప్పుడు ఒప్పుకోలేదు.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, సీనియారిటీ అంటూ ఒకటి ఉందా లేదా అని అడిగాను. పేపరు నాకే వచ్చింది.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, ఏమన్న కావాలంటే అడుగుండ్రి" అన్నాడతను. ఆ మంచితనానికి ఇంకా మండింది.

మొదటి క్లాసులోనే ఒకమ్మాయి లేచి, "సరుకు అక్కడ దిగాక ఏ కాగితం చూపిస్తే ఇస్తారు మేడమ్?" అంది. ఆ కాగితం పేరు పుస్తకంలో ఉంది. దాన్ని మాత్రం నేనెప్పుడూ కళ్ళతో చూడలేదు. తర్వాత చెబుతానన్నాను.

ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఆ ఫిల్మ్‌నగర్ ఆఫీసుకే వెళ్ళాను. మేనేజరుది గోదావరి జిల్లా. టీ తెప్పించి, "మీ కాలేజీ సారు ఆరు నెలలు ప్రతి ఆదివారం వచ్చేవారండీ. పెట్టెలు కూడా మోశారు" అన్నాడు. కాగితాలన్నీ చూపించాడు. ఒకసారి పూజ చేసి పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెడితే చిరునామా కనపడకుండా పోయి, అమెరికా వెళ్ళాల్సిన సినిమా విమానాశ్రయంలోనే ఉండిపోయిందట.

"అప్పట్నుంచి బొట్టు మూత మీద, అడ్రసు పక్కనండీ" అని నవ్వాడు.

మర్నాడు ఆ కాగితాల సంగతంతా నా అనుభవంలాగే చెప్పేశాను. పిల్లలు పెన్నులు ఆపి విన్నారు. గర్వంగా బయటికొస్తే గుమ్మం పక్కన అతను నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని మొహం చూస్తే తెలిసింది.

"మస్తు చెప్పిండ్రు మేడమ్. గా బొట్టు సంగతొక్కటి మర్చిపోయిండ్రు. పిల్లలకు జర అది గూడ చెప్పుండ్రి, రేపు నౌకరీలల్ల పనికొస్తది."

మర్చిపోలేదు. అది చెబితే ఎక్కడ నేర్చుకున్నానో బయటపడుతుందని దాచాను.

తర్వాత చాలా ఏళ్ళు ఆ పేపరు నేనే చెప్పాను. బొట్టు కథా చెప్పాను, అతని పేరు ఎత్తకుండానే. ప్రతి ఏడాదీ పిల్లలు సరిగ్గా అక్కడే నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అతనిదని తెలుసు. ఇప్పటికీ తిరిగి ఇవ్వబుద్ధి కాదు.