మేనమామ చీర మీద ఒకే ఒక్క అక్షరం

మేనకోడలి పెళ్లిలో నా పరువును నేనే మడతపెట్టి, పళ్లెంలో ఉంచి, పసుపు కుంకుమతో సహా మండపమంతా తిప్పి చూపించిన కథ ఇది. ఐదో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కినవాణ్ణి. రాయడం ఇదే మొదలు. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో లేచిపోకండి.

మా తిరుత్తణి వైపు ముహూర్తం చీర మేనమామే పెట్టాలి. నేతగాడు కొన్న చీర పెడితే ఊరుకుంటారా? అందుకని అక్క కూతురు సరళ పేరును కొంగులో జరీతో నేస్తానని మాటిచ్చాను. పేర్లు నేయడానికి మగ్గం పక్కన ఒక కంప్యూటర్ ఉంది. అందులో ప్రోగ్రామ్ రాసింది సరళ నాన్న, అంటే మా బావే. తిరువళ్లూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఆయనకు పని. పేరు కొడితే ఎంత చోటు కావాలో ఆ పెట్టె ఒక అంకె చూపిస్తుంది. నచ్చకపోతే మన అంకె మనం కొట్టొచ్చు. ఇంగ్లీషు పేర్లకు ఏనాడూ పేచీ రాలేదు. మొదటిసారి తెలుగులో సరళ అని కొట్టాను.

తొమ్మిది అంది!

వేళ్ల మీద ఎంచాను. మూడే. వెంటనే బావ మీద అనుమానం వచ్చింది. నా పెళ్లి భోజనాల్లో ఆయన విస్తట్లో అప్పడం పడలేదు. తినని ఆ అప్పడం పదిహేనేళ్లుగా ఆయనకు అరగలేదని నా గట్టి నమ్మకం.

ఫోన్ చేశాను.

"బావా, సరళకి అక్షరాలు ఎన్ని?"

"మూడు. ఏమిరా?"

"నీ పెట్టె తొమ్మిదంటా ఉండాది. మిగతా ఆరు యాడివి?"

"ఓ, అదా! నేను సి భాషలో రాసినా గదా. అది అక్షరాలు ఎంచదు, బైట్లు, అంటే దాని లోపలి గడులు, ఎంచుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరానికి మూడు కావాల."

"మనకి మాత్రం మూడెందుకు? మనమేమన్నా లావుగా ఉండామా?"

"రేయ్, తొమ్మిదే ఉండనీ. ఏమీ కెలకొద్దు!"

కెలకొద్దట! చూశారా? ఆ ఆరు గడుల్లో ఏదో దూర్చే ఉంటాడు. ఏమై ఉంటుంది? 'అప్పడం ఏదిరా' అని వేళ్ల మీద ఎంచాను. సరిగ్గా ఆరు! గబగబా తొమ్మిది చెరిపేసి మూడు కొట్టాను.

"నేను ఆర్.కె.పేట పోయి గాజులు తెస్తా. కొంగు నేసి మడతపెట్టు. ఏమీ కెలకొద్దు" అని మా ఆవిడకు చెప్పి బండెక్కాను.

పెళ్లిరోజు మండపంలో అక్క గర్వంగా చీర మడత విప్పి కొంగు చూపించింది. కొంగు మధ్యలో 'స'. అంతే. దాని పక్కన బంజరు భూమి.

"ఏమిరా ఇది?" అంది అక్క.

"ఇనిషియల్ వేసినాడు బాగానే, పేరు యాడ?" అంది ముందు వరసలో ముసలమ్మ.

"మామా, మిగతా నేను యాడికి పోయినా?" అంది సరళ.

మా ఆవిడ వైపు చూశాను. "నేసేటప్పుడే చూసినా. కెలకొద్దంటిరి గదా!" అంది.

బావ నా చెవి దగ్గరికి వచ్చాడు. "మూడు కొట్టినావా?"

"కొట్టినా."

"మూడు బైట్లలో మన అక్షరం ఒకటే పడుతుందిరా సామీ!"

సరళ నవ్వుతూ ఆ చీరే కట్టుకుని పీటల మీద కూర్చుంది. వెనకున్న జనమంతా తాళి వదిలేసి ఆ 'స'నే చూశారు. భోజనాల్లో బావే స్వయంగా వడ్డనకు వచ్చాడు. నా ముందు ఆగి, ఒక అప్పడాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్క ముక్క నా విస్తట్లో వేశాడు.

"నీ లెక్కకి ఇంతే వస్తుందిరా!"

మా మగ్గం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బావ పెట్టిన అంకెను ఇక జన్మలో చెరపను. మా ఇంట ఏ శుభకార్యం జరిగినా ఆయన విస్తట్లో ముందు పడేది అప్పడాలే. ఎన్ని అంటారా? తొమ్మిది.