కత్తిరించడం మరిచిన అంచు

మా ఇన్‌స్పెక్షన్ సార్ మొన్న ఆదివారం పోయారు. సరోజినీ నగర్‌లోని ఇంటి నుంచి సార్ భార్య, ఆంటీ, ఫోన్ చేసి, "మీ సార్ ఇక లేరయ్యా" అన్నారు. అప్పట్నుంచీ నాకు అన్నం సహించడం లేదు. బాధ ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి.

ఆస్పత్రుల్లో గుండె కొట్టుకోవడాన్ని చూపించే మానిటర్లు తయారుచేసే ప్రభుత్వ విభాగం మాది. వచ్చిన చిప్పులు అసలువో నకిలీవో తేల్చడం సార్ పని. పాత చిప్పులకు నల్లరంగు పూసి, కొత్త నంబరు అచ్చేసి అంటగట్టేవాళ్ళకు కొదవా? సార్ గోళ్ళరంగు చెరిపే మందులో దూది ముంచి చిప్పును రుద్దేవారు. దూది నల్లబడిందా, సరుకు వెనక్కే. ఆంటీ జన్మలో గోళ్ళరంగు వేసుకోలేదు. అయినా సార్ నెలనెలా ఆ సీసా కొంటుంటే మార్కెట్లో కొట్టువాడు ముసిముసిగా నవ్వేవాడట. "ముందు తుడువు, తర్వాతే సంతకం" అనేవారు నాతో.

అప్పట్లో నాది కాంట్రాక్టు ఉద్యోగం. చిప్పుల పరీక్షకు సాఫ్ట్‌వేర్ కొనే ఫైలు ఏడాదిగా కదలకపోతే, జియా సరాయ్‌లో స్నేహితుడి దగ్గర దొంగ కాపీ తెచ్చి ఎక్కించాను. సార్‌కు చెప్పలేదు. ప్రతి రిపోర్టు అడుగునా 'లైసెన్సు లేని ప్రతి' అని అచ్చయ్యేది. ఆ అంచును కత్తిరించి సంతకానికి పెట్టేవాణ్ణి.

ఒకరోజు మరిచాను. సార్ గమనించక సంతకం పెట్టేశారు. సరుకు నకిలీ అన్న ఆ రిపోర్టు చేతికందగానే, సరఫరా చేసినవాడు ఆ కాగితంతోనే వచ్చాడు.

"అచ్ఛా సర్‌జీ, మా మాల్ నకిలీ, మీ సాఫ్ట్‌వేర్ మాత్రం అసలీనా? మాల్ పాస్ చేసేయండి, నేనూ నోరు మూసుకుంటా" అన్నాడు హిందీలో.

దొంగ కాపీ ఎక్కించింది నేనేనని ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది. సార్ నావంక ఒక్కసారి చూశారు. ఆయనకు అర్థమైపోయింది.

"తుడిచి చూడాల్సింది నేను. సంతకం నాదేనయ్యా" అని నాతో తెలుగులో అని, సరుకు వెనక్కి పంపించేశారు.

అతను ఫిర్యాదు చేశాడు. మెమో సార్ పేరునే వచ్చింది. ప్రమోషన్ ఆగి, అదే కుర్చీలో రిటైరయ్యారు. నేను పర్మనెంటయ్యాను. ఆయన ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేది.

సమాధి చేసి వచ్చాక ఆంటీ అడిగారు. "ఆ మెమో ఎందుకొచ్చిందో ఆయన చివరిదాకా చెప్పలేదయ్యా. నీకేమైనా తెలుసా?"

"తెలీదాంటీ" అన్నాను. ఆయన లేని ఇంట్లో కూడా నిజం చెప్పలేకపోయాను.

ఆవిడ తలూపి, సార్ డ్రాయర్లోంచి ఆ గోళ్ళరంగు చెరిపే మందు సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకిమ్మన్నారు."

సీసాకు రబ్బరుబ్యాండుతో చుట్టి చిన్న దూది ఉండ ఉంది. తెల్లగా, ఇంకా దేన్నీ తుడవనిది.