ఒట్టు వెయ్యని కంపెనీ పనిమీద రాస్ తనూరాకు

గల్ఫ్ యుద్ధం ముగిసి ఇంకా రెండు నెలలు కాలేదు. రియాద్ నుంచి సముద్రం ఒడ్డున చమురు రేవు రాస్ తనూరా వెళ్లాను. షికారుకు కాదు. రియాద్ శివారు సులైలోని మా పంపుల వర్క్‌షాపు నిలబడేదీ మూతపడేదీ ఒక్క ఆర్డరుతో తేలిపోతుంది. రాకపోతే పన్నెండుమంది ఫిట్టర్లకు పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపడమే.

ఇంత దూరం తెచ్చింది మా కంపెనీ పట్టుదలే. ఇంగ్లండులోని యజమానులు క్వేకర్లు. క్రైస్తవుల్లో అదొక శాఖ. యుద్ధానికి సాయపడరు, ఒట్టు వెయ్యరు, బేరం లేకుండా ఒకే ధర చెప్తారు. పూర్వం ప్రమాణం చెయ్యబోమన్నందుకు వాళ్లను పార్లమెంటులో కూర్చోనివ్వలేదట. చెయ్యకుండానే కూర్చునే హక్కు తర్వాత సంపాదించుకున్నారట. యుద్ధమప్పుడు సైన్యం ట్యాంకులకు ఇంధనం నింపే పంపులు అడిగితే మా మేనేజరు హెన్రీ గారూ కుదరదనేశారు. నోటికాడ కూడు కాలదన్నుకున్నామని ఆయన వెనక నేను చాలాసార్లు గొణుక్కున్నాను.

పొద్దున్న ఎనిమిదింటికి రైలు. నా వెంట హెడ్ ఫిట్టరు రాజయ్య వచ్చాడు, జగిత్యాల వైపువాడు. మాకు పూచీ ఉన్న సౌదీ ఆసామి, కఫీలు, రాసిచ్చిన ప్రయాణపు కాగితాలు స్టేషన్లో రెండుసార్లు చూశారు. వెళ్లేవాళ్లు నివాసపు అనుమతి పుస్తకం ఇకామాతోపాటు అదీ పైజేబులోనే పెట్టుకోండి. సెకండ్ క్లాసు సీట్లు బాగానే ఉన్నాయి. హొఫూఫ్ దాకా అంతా ఇసుకే. అక్కడ ఖర్జూరపు తోటలు కనబడితే ప్రాణం లేచొచ్చింది. రాజయ్య ఖుబ్బూసు రొట్టెలో టమాటా తొక్కు చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఆర్డర్ రాకుంటే మా అందరికి ఎగ్జిటేనా సార్?"

"ఎందుకు రాదయ్యా, నేను మాట్లాడతాను కదా" అన్నాను. మాటకారినని నాకు కాస్త పొగరు.

రైలు ఆఖరి స్టేషను దమ్మాంలో దిగేసరికి పన్నెండున్నర. నమాజు వేళ, హోటళ్లు మూసి ఉన్నాయి. తెరిచాక చాయ్ తాగి రాస్ తనూరాకు టాక్సీ ఎక్కాం. రైలు టికెట్ల కంటే దానికే ఎక్కువైంది.

రెండున్నరకు కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో కూర్చున్నాం. వాళ్ల కార్మికుల క్యాంపుకు మంచినీళ్ల పంపులు కావాలి. కొనే అధికారి కరాచీ నుంచి వచ్చిన ఖురేషీ సాబ్. ధర చూసి కాగితం పక్కన పెట్టాడు. తర్వాత ఉర్దూలో అడిగాడు: యుద్ధమప్పుడు పని ఒప్పుకోని కంపెనీ మీదేనా?

"అప్పుడు స్పేర్లు రాలేదు సాబ్, ఓడలు ఆగిపోయాయి" అంటూ నేను కథ మొదలెట్టాను.

"స్పేర్ థా సాబ్. హమ్ నై బోలా" అన్నాడు రాజయ్య. స్పేర్లున్నాయి, మేమే వద్దన్నామని.

ఖురేషీ అతని వైపు తిరిగాడు. రేపు మా పనీ మధ్యలో ఆపేస్తే? ఆపబోమని నీ దేవుడి మీద ఒట్టెయ్యి అన్నాడు.

రోజుకు ఇరవైసార్లు అమ్మతోడు అనే మనిషి తల అడ్డంగా ఊపాడు. "కసమ్ నై సాబ్. పానీ కా కామ్ హై, పూరా కరేగా. ట్యాంక్ కా బోలేతో ఫిర్ నై కరేగా."

నీళ్ల పని గనక పూర్తిచేస్తాం, ట్యాంకులదైతే ఇప్పుడూ చెయ్యబోమని అర్థం. గోడ గడియారం మూడూ పది. ఖురేషీ కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి, "ఆర్డరు మీ మాట మీద కాదు, ఇతని మాట మీద ఇస్తున్నాను" అని నాతో అన్నాడు. ఐదింటికి కాగితం చేతికొచ్చింది. సిగ్గుపడాలో ఎగిరి గంతెయ్యాలో తెలియలేదు.

ఆ రాత్రికి దమ్మాంలో తెలిసినవాళ్ల గదిలో పడుకుని, మర్నాడు పొద్దున్నే తిరుగు రైలెక్కాం.

"హెన్రీ గారి పట్టుదల కోసం నీ ఉద్యోగం పణంగా పెట్టావే" అన్నాను.

"ఆయనదొక్కనిదే ఎట్లయితది సార్? అప్పుడు మీరు సెలవుల ఇంటికి పోయిండ్రు. మా పన్నెండుమందిని కూసోవెట్టి ఆ పని పట్టాల్నా వద్దా అని అడిగిండు. ఒక్కడు సరే అనకున్నా ముందటికి పోనన్నడు. గా ట్యాంకుల కింద పడేది మనసొంటోళ్లే గద అని ముందుగాల వద్దన్నది నేనే."

అన్నేళ్లూ మా కంపెనీ అని జీతం కోసం అన్నాను. రియాద్ స్టేషన్లో దిగుతుంటే, ఎక్కడ పని చేస్తారని పక్కసీటాయన అడిగాడు. రాజయ్య కంపెనీలో అన్నాను.