ముడతాకుల వైద్యురాలు మా అత్తమ్మ

మా అత్తమ్మ నర్సవ్వ ఇక లేదు. మొన్న పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "జరసేపు ఒరుగుత బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. పక్క షెడ్డులో సాంచెలు, అంటే మన మరమగ్గాలు, ఆ పూట కూడా ఎప్పటిలాగే మోగుతూ ఉన్నాయి. అంత చప్పుడు మధ్య ఒక నిండు ప్రాణం అంత నిశ్శబ్దంగా ఎలా నిష్క్రమించిందో నా బుద్ధికి ఇంకా అందడం లేదు.

మహారాష్ట్రలోని ఈ భివండిలో, ముఖ్యంగా మన తెలుగువాళ్లుండే కామత్‌ఘర్ గల్లీల్లో ఆమెను ఎరగని ఇల్లు అరుదు. ఆ ఖ్యాతికి కారణం విచిత్రమైనది. ఒంటిగది ఖోలీల్లో, కిటికీ గట్లమీద, పాత నూనె డబ్బాల్లో మనవాళ్లు పెంచుకునే మిరప, తులసి, కరివేపాకు మొక్కలకు ఆమె ధన్వంతరి. ఆకు ముడుచుకుని తోలులా మందమైందంటే చాలు, డబ్బాను చంకనెత్తుకుని మా గడపకు వచ్చేవారు. మాన్కోలి గోదాముల్లో మూటలు మోసే ఒకాయన షేర్ ఆటోలో కరివేపాకు మొక్కను పసిబిడ్డలా ఒడిలో పెట్టుకుని వచ్చాడు. అత్తమ్మవి బతుకంతా దారపు కండెలు చుట్టిన చేతులు. "పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి. రెండూ గాకుంటె ఇంట్లోళ్ల తప్పు" అని తేల్చేసేది.

మా పై అంతస్తులో ఉండే మరాఠీ ఇల్లాలిని మేమంతా వహిని, అంటే వదిన, అని పిలుస్తాం. ఆమె తులసి ముడుచుకుపోతోందని కన్నీళ్లతో దిగివచ్చినప్పుడు అత్తమ్మ మొక్కవైపు చూడనే లేదు. నేరుగా వాళ్లింటికి వెళ్లి, తీరిగ్గా చాయ్ తాగి, కిటికీలో చెయ్యి పెట్టి చూసింది. పక్క షెడ్డు వేడిగాలి భగ్గున కొడుతోంది. "వహినీ, పత్తా బీమార్ నై, జగా బీమార్ హై" అని, జబ్బు ఆకుకు కాదు చోటుకేనని, తన హిందీలో తీర్పు చెప్పి, డబ్బాను తానే అవతలి గోడకు మార్చింది. ఆ హిందీ విని మా పిల్లలు పడీపడీ నవ్వారు. తులసి మాత్రం కోలుకుంది.

ఇక నా మొక్క సంగతి. మా అమ్మ పోయాక ఊరి నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి కొంగున ముడేసుకున్న మిరప విత్తనాలే. తరతరాలుగా మా ఇంటి ఆడవాళ్లు ఎత్తిపెట్టుకుంటూ వచ్చిన రకం. అక్కడ వేసేవాళ్లు ఇక లేరు. ఇక్కడ మొలిచింది ఒక్కటే మొక్క. పూతకు రాకముందే దాని ఆకులు ముడుచుకుని బిరుసెక్కాయి. అది చస్తే మా అమ్మ కారం ఈ లోకంలో ఉండదు. కంచం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

అత్తమ్మ కళ్లజోడు తగిలించుకుని ఆకు వెనక వెతికింది. పురుగూ లేదు, నల్లీ లేదు.

"నీళ్లెక్కువైనయా ఏందే?"

"లేదత్తమ్మా."

"పొయ్యి సెగ తగుల్తుందా?"

"గంత దూరం ఎట్ల తగుల్తది?"

చివరికి ఒక ఆకు తుంచి నాలుకకు ఆనించింది. ముఖం పాలిపోయింది.

"అయ్యో బిడ్డా! తెగులు గాదే ఇది, గంజి! నేనే పెట్టిన!"

సాంచెల నుంచి లేచే పత్తి నూగు నా మొక్కమీద పేరుకుంటోందని, నేను ఇంట్లో లేని పూటల్లో, పడుగు దారాలకు పెట్టినట్టే ఆకాకుకూ గంజి పూసిందట. నూగైతే అణిగింది, పాపం ఆకుకే ఊపిరాడలేదు. నేతగాళ్ల ఇంట్లో తప్ప ఈ పొరపాటు మరెక్కడా జరగదు. ఊరందరి తప్పులూ పట్టే మనిషికి తన చేతిమీద అనుమానమే రాలేదు! గోరువెచ్చటి నీళ్లతో ఒక్కో ఆకునూ కడుగుతూ, "ప్రేమ ఎక్కువైనా ఆకు ముడుసుకుంటదే" అని తనను తానే తిట్టుకుంది. పాత ఆకులు రాలి కొత్త చిగురు వచ్చాక, ఆ కథను వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని ఆమే ముందుగా నవ్వేది.

తొలి కాపును నన్ను ముట్టనివ్వలేదు. పండనిచ్చి, ఎండబెట్టి, డబ్బా పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ల చేతిలో నాలుగేసి గింజలు పోసింది. మా అమ్మ విత్తనాలు ఊరందరికీ పంచుతోందని నాకు ఒళ్లు మండింది. అడిగేశాను కూడా.

"ఒక్క డబ్బల ఉంటె ఒక్క తెగులుకే పోతది పిల్లా. పది ఇండ్లల్ల ఉంటె ఏడికి పోతది?" అంది.

ఆమె పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. వహిని జొన్న భాకరీ రొట్టె, దంచిన మిరపకాయ ఠేచా తెచ్చి, బలవంతాన నా నోట్లో ముద్ద పెట్టింది. నాలుకకు తగలగానే గుర్తుపట్టాను. అది మా అమ్మ కారం.

"మిర్చీ కహాఁ కీ హై వహినీ?" మిరప ఎక్కడిదని అడిగాను.

"తేరీ సాసూ నే హీ తో బీజ్ దియా థా." ఆ విత్తనం ఇచ్చింది మా అత్తమ్మేనట.

ఆ ముద్ద మింగుతూ ఇద్దరు తల్లులకూ కలిపి ఏడ్చాను.

అత్తమ్మా, నీకు శతకోటి వందనాలు. కిటికీ గట్టుమీద మొక్క క్షేమంగా ఉంది. నూగును ఉత్త తడిగుడ్డతోనే తుడుస్తున్నాను. గంజి పెట్టను. కానీ నేను చూడని పూట నా మొక్కకు గంజి పెట్టే చెయ్యి ఈ జన్మకు నాకిక దొరకదు.