కెమెరా వాళ్ళ వైపు, జనరేటరు మా వైపు

మా ఎదురింటి వదినగారు పోయారు. పొద్దున్నే పాలపాకెట్లు తీసుకుందామని గేటు దగ్గరికి వచ్చానో లేదో, వాళ్ళాయన, నేను అన్నయ్యగారని పిలుస్తాను, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా వీధి దాటి వచ్చి, "మీ వదిన ఎంత పిలిచినా లేవడం లేదమ్మా" అన్నారు. రాత్రి మజ్జిగన్నం తిని పడుకున్నారట, నిద్రలోనే వెళ్ళిపోయారు. ఎంత పుణ్యం చేసుకుంటే అలాంటి చావు వస్తుంది అన్నారు వచ్చినవాళ్ళంతా. ఏడుస్తూ ఏడుస్తూనే నాకు ఆ చావు మీద కూడా కుళ్ళు పుట్టింది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పూటలో ఎక్కడ పోతుంది?

రాజమండ్రిలో గోదావరి గట్టుకి కాస్త ఇవతల మాది పాత వీధి. మేము పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకున్నప్పుడు, గృహప్రవేశం నాడు వదినగారికి గది గదీ తిప్పి చూపించాను, కొంచెం గొప్పకే. ఆవిడ "బాగుంది వదినా, చల్లగా ఉండండి" అని, వెళ్ళి తన టేకు స్తంభాల అరుగు మీద కూర్చున్నారు. ఏడాది తిరక్కుండా సినిమావాళ్ళు మా వీధిలో దిగారు. వాళ్ళకి కావలసింది పెంకుటిల్లూ, అరుగూ, స్తంభాలూ. మా గ్రానైటు మెట్ల వంక ఒక్కరూ చూడలేదు.

మీరు షూటింగులు చూసే ఉంటారు గానీ దాని పర్మిషన్ కాగితం చూసి ఉండరు. కార్పొరేషన్ వాళ్ళది ఒకటి, ట్రాఫిక్ పోలీసులది ఒకటి ఉంటాయి. మా వీధి ఇరుకు కాబట్టి ప్రతిసారీ ఒకటే షరతు: బళ్ళన్నీ ఒక్క వైపే ఆపాలి, రెండో వైపు అంబులెన్సు పట్టేంత దారి వదలాలి. న్యాయమైన షరతే, కాదనను. కానీ కెమెరా వదినగారి ఇంటి వైపు తిరిగితే బళ్ళు ఎటు ఆగుతాయి? జనరేటరు వ్యానూ, హీరోయిన్ గారి క్యారవానూ, లైట్ల బండీ, అన్నీ మా గేటు ముందే. గుమ్మంలో కూర్చుంటే నాకు కనిపించేవి టైర్లు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మా ఇల్లు తెర మీద చూసుకోవాలని నాకు ఎంత కోరికగా ఉండేదో మా వారికి కూడా చెప్పలేదు.

కాగితం మీద స్టాంపు పడినంత మాత్రాన వీధి ఖాళీ అవదు. ఎవరి స్కూటరు వాళ్ళ గుమ్మం ముందు ఉండాల్సిందే, కానిస్టేబులు వచ్చి అరిచినా సరే. అందుకని షూటింగు మేనేజరు కార్పొరేషన్ ఆఫీసు నించి తిన్నగా వదినగారి అరుగు మీదికి వచ్చేవాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం అంతా చదివేవారు. ముందు రోజు సాయంత్రం కుంకుమభరిణె, ఓ బుట్టెడు అరటిపళ్ళూ పట్టుకుని, పేరంటానికి పిలుస్తున్నట్టు ఇంటింటికీ వెళ్ళేవారు. రేపు మన వీధిలో షూటింగనీ, బళ్ళు కాస్త లోపల పెట్టుకుని తప్పకుండా చూడ్డానికి రమ్మనీ బొట్టు పెట్టి మరీ చెప్పేవారు. చివరింటి పాస్టరమ్మగారు బొట్టు పెట్టుకోరు కాబట్టి ఆవిడ చేతిలో పళ్ళు పెట్టేవారు. అలా పిలిచాక ఎవరు కాదంటారు? తెల్లారేసరికి వీధి కడిగిపెట్టినట్టు ఉండేది. "పర్మిషన్ ఇచ్చేది ఆఫీసు, చోటిచ్చేది మనుషులు వదినా" అనేవారు. ఆ మాట నాకు తోచనందుకు కూడా కడుపు మండేది.

ఓసారి ఆవిడ నరసాపురంలో కూతురింటికి వెళ్ళినప్పుడు షూటింగు వచ్చింది. మేనేజరు నన్ను అడిగాడు. నా కాళ్ళు నేల మీద లేవు. పట్టుచీర కట్టుకుని, మా వెండి భరిణె తీసుకుని వీధంతా తిరిగాను. అందరూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, బొట్టు పెట్టించుకున్నారు, వదినగారు ఎప్పుడొస్తారని అడిగారు. పొద్దున్న లేచి చూస్తే ఒక్క స్కూటరూ కదల్లేదు. ఆవిడ తిరిగొచ్చాక ఆ సంగతి నేను చెప్పలేదు, వీధి వీధంతా చెప్పింది. ఆవిడ నవ్వను కూడా నవ్వలేదు. మన వీధివాళ్ళకి బద్ధకం ఎక్కువని ఊరుకున్నారు. నవ్వి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఒకసారి మాత్రం ఉండబట్టలేక అనేశాను.

"మీ ఇంటికి హీరోయిన్ను, మా ఇంటికి జనరేటరు. బాగుందండి మీ న్యాయం."

"నీకు పొగ ఒక్కటే వదినా. నా బాత్రూము దగ్గర ఎంతమంది క్యూ కడుతున్నారో వచ్చి చూడు" అన్నారావిడ. అని ఊరుకున్నారా? మర్నాడు దర్శకుడితో చెప్పి, షాటులో అరుగు మీద తన పక్కన నన్నూ కూర్చోబెట్టారు. కొత్త ఉప్పాడ చీర నలగకుండా పొద్దుటి నించి సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాను. తీరా సినిమా వచ్చాక చూస్తే, ఆవిడ మొహం నిండుగా పడింది, నాది మోచెయ్యి పడింది. హాలు బయటికి వస్తూ వదినగారు కనబడ్డ వాళ్ళందరికీ ఆ మోచెయ్యి మా వదినదే అని చెప్పుకున్నారు. అలాంటి మనిషి మీద ఏడవడం ఎంత కష్టమో మీకేం తెలుసు?

పెద్దకార్యం అయ్యాక కూతురు వచ్చి అన్నయ్యగారిని నరసాపురం తీసుకువెళ్ళింది. ఇంటికి తాళం పడింది. పోయిన వారం మేనేజరు మామూలుగా కాగితాలు పట్టుకుని వచ్చి, తాళం చూసి, నా నోట కబురు విని మా మెట్ల మీదే కూలబడ్డాడు. మంచినీళ్ళు తాగి మెల్లగా చెప్పాడు, ఈసారి వాళ్ళ కథకి డాబా ఇల్లు కావాలట, దర్శకుడికి మా ఇల్లు నచ్చిందట.

అబద్ధం ఎందుకు, నాకు సంతోషం వేసింది. గ్రిల్లు తుడిపించాను, మెట్లు సబ్బుతో కడిగాను. సాయంత్రం భరిణె తీసుకుని బయల్దేరాను. ఈసారి ఎవరూ కాఫీ ఇవ్వలేదు, వదినగారి ఊసూ ఎత్తలేదు. బొట్టు పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు కొందరు. తెల్లారేసరికి వీధిలో ఒక్క స్కూటరు లేదు. అవి ఎవరి కోసం తీశారో నాకు తెలుసు.

జనరేటరు వ్యాను వచ్చింది. వెనక్కి వెనక్కి వెళ్ళి వదినగారి అరుగుని ఆనుకుని ఆగింది. డ్రైవరు దిగి, టార్పాలిన్ తాడు తెచ్చి టేకు స్తంభానికి కట్టాడు. రోజూ ఆవిడ ముగ్గు పెట్టేచోట నల్లటి పొగ పడుతోంది. నేను మెట్లు దిగి వెళ్ళి ఆ బండి అక్కణ్ణించి తియ్యమన్నాను.

"ఎక్కడికి తియ్యమంటారండీ? పర్మిషన్ ఒక్క వైపుకే ఇచ్చారు. అటైనా ఉండాలి, ఇటైనా ఉండాలి" అన్నాడు మేనేజరు.

"ఇటు పెట్టించండి."

"అప్పుడు మీ ఇల్లు పడదండి."

"తెలుసు" అన్నాను.

దర్శకుడికి ముందు కోపం వచ్చింది. తరవాత ఆ తాళం వంక చాలాసేపు చూసి, కథలో అమ్మాయి ఇంటికి తిరిగొచ్చేసరికి తాళం వేసి ఉంటే ఎలా ఉంటుందని తన మనుషుల్ని అడిగాడు. నేను నరసాపురం ఫోను చేశాను. మీ వదినుంటే కాదనేదా అమ్మా, కానివ్వమనండి అన్నారు అన్నయ్యగారు.

పోయి కూడా నన్ను గెలిచారు వదినగారు. బళ్ళన్నీ మళ్ళీ మా గేటు ముందుకే వచ్చాయి. నేను జనరేటరుకీ క్యారవానుకీ మధ్య సందులో నిలబడి, పొగకి కళ్ళు మండుతుంటే చీర చెంగు అడ్డం పెట్టుకుని చూశాను. ఎదుట ఆ తలుపు మీద అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. ఆ అమ్మాయి అరుగెక్కి, తలుపు తట్టబోయి, తాళం చూసి ఆగిపోయింది. దర్శకుడు బాగా రాలేదన్నాడు. ఆ అమ్మాయి మళ్ళీ వీధి మొదటి నించి నడిచి వచ్చి, అరుగెక్కి, తాళం చేత్తో పట్టుకుని నిలబడింది.